పది సంపుటాల కథ, విసిగిన పాఠకుడు

రాజ్యాలు, మాంత్రికులు, వింత జంతువులు, తరాల తరబడి రగిలే పగలు. వీటితో అల్లిన పెద్ద పెద్ద ఫాంటసీ నవలల వరుసలు ఇప్పుడు మన కుర్రకారు చేతుల్లోనూ కనిపిస్తున్నాయి. ఒక్కో సంపుటం ఏడెనిమిది వందల పేజీలు, అలాంటి సంపుటాలు పదీ పన్నెండూ. మొదటి మూడింటినీ తిండీ నిద్రా మాని చదివినవాళ్లే ఆరో ఏడో సంపుటం దగ్గరకొచ్చేసరికి విసుక్కుంటారు. కథ కదలడం లేదంటారు, జీడిపాకంలా సాగదీస్తున్నాడంటారు, కొందరు అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఈ విసుగు న్యాయమైనదేనా, లేక ఓపిక కరువైన కాలపు జబ్బా అన్నది ఈ ప్రసంగంలో విచారించే విషయం. నా వాదన ముందే చెప్పేస్తాను. కథ నెమ్మదిగా నడిచినంత మాత్రాన పాఠకుడికి కోపం రాదు. కథే మన మనసులో ఒక ప్రశ్న రేపి, తర్వాత ఆ ప్రశ్నను గాలికొదిలేసి వేరే పనుల్లో పడితే కోపం వస్తుంది. ఈ తేడాను తేల్చుకోవడానికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం కన్నా మంచి చోటు దొరకదు. తెల్లవార్లూ సాగే కథలు విన్న నేల ఇది. నాలుగు పేజీల్లో ఒక జీవితాన్ని చూపించిన చాసో వంటి కథకులు రాసిన నేల కూడా ఇదే.

ముందు ఫిర్యాదుకు కారణమైన పుస్తకాలను చూద్దాం. అమెరికా రచయిత రాబర్ట్ జోర్డాన్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే నవలామాలను 1990లో మొదలుపెట్టాడు. కథ ముగియకుండానే 2007లో ఆయన కన్నుమూస్తే, ఆయన వదిలివెళ్లిన రాతల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు సంపుటాలూ రాసి 2013లో ముగింపు పలికాడు. మొత్తం పద్నాలుగు సంపుటాలు. అందులో పాఠకులు ఎక్కువగా తిట్టుకున్నది పదో సంపుటాన్ని. కారణం వెతకనక్కర్లేదు. 2000లో వచ్చిన తొమ్మిదో సంపుటం చివర ఆ కథాలోకాన్నే మార్చేసే ఘట్టం ఒకటి జరుగుతుంది. తర్వాత ఏమైందోనని రెండేళ్లకు పైగా కాచుకున్న పాఠకుడికి 2003లో పదో సంపుటం అందింది. తీరా చూస్తే, ఆ ఘట్టం జరుగుతున్న వేళ మిగతా పాత్రలు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నాయో, దాన్ని దూరం నుంచి గమనించి ఏమనుకున్నాయో చెప్పే అధ్యాయాలే చాలా ఉన్నాయి. వందల పేజీలు తిరిగాయి, కథలో కాలం మాత్రం తిరగలేదు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సంగతీ ఇలాంటిదే. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్‌కు మూలమైన ఆయన నవలామాల 1996లో మొదలై, మూడో సంపుటం 2000లో వచ్చింది. తర్వాతి సంపుటం మరీ పెరిగిపోవడంతో దాన్ని పాత్రల వారీగా రెండుగా చీల్చాడు. 2005లో వచ్చిన నాలుగో సంపుటంలో ముఖ్య పాత్రలైన టిరియన్, జాన్ స్నో, డెనేరిస్ కోణం నుంచి సాగే అధ్యాయం ఒక్కటీ లేదు. వాళ్లేమయ్యారో పాఠకుడికి 2011లో గానీ తెలియలేదు. అంటే పదకొండేళ్లు.

ఇక్కడ ఫిర్యాదు చేసినవాళ్లెవరో గమనించాలి. మొదటి పేజీలకే ఆవలించినవాళ్లు కారు. తొమ్మిది సంపుటాలు, వేల పేజీలు, వందలాది పాత్రల పేర్లు, వంశవృక్షాలు గుర్తుపెట్టుకుని మరీ చదివినవాళ్లు. ఈ కాలంలో అంతకన్నా ఓపిక గల పాఠకులు ఎక్కడుంటారు? కనుక ఫోన్లు వచ్చాక జనానికి నిలకడ పోయింది, అర నిమిషం వీడియోలకు అలవాటుపడ్డ కళ్లకు పెద్ద పుస్తకం ఆనడం లేదు అనే మామూలు సమాధానం ఇక్కడ అతకదు. నిలకడ లేనివాడు పదో సంపుటం దాకా రానే రాడు. పైగా ఈ విసుగు ఇవాళ్టిది కూడా కాదు. కథ కంచికి, మనం ఇంటికి అన్న మాట ఏనాడో పుట్టింది. కథ ఎంత దూరం తిరిగినా చివరకు చేరాల్సిన చోటు ఒకటుందనీ, అది చేరితేనే వినేవాడు లేచి వెళ్తాడనీ మన పెద్దలకు తెలుసు.

అయితే ఆ చేరాల్సిన చోటును తొందరగా చేరడమే గొప్పా? కాదనడానికి బొబ్బిలి కథే సాక్ష్యం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి దాడి చేశారు. కోట పడిపోయింది. రాజాం నుంచి ఆలస్యంగా వచ్చిన తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే పొడిచి చంపాడు. ఈ ముగింపు ఈ జిల్లాల్లో తెలియనిది ఎవరికి? తెలిసి కూడా బొబ్బిలి బుర్రకథ పెడితే జనం రాత్రంతా కూర్చుని విన్నారు. యుద్ధానికి ముందు నడిచే రాయబారాలు, పౌరుషపు మాటలు, కోటలో ఆడవాళ్ల గుబులు, పాపారాయుడికి కబురు అందుతుందా లేదా అన్న ఆరాటం, ఇవన్నీ కథకుడు ఎంత నిదానంగా చెబితే అంత శ్రద్ధగా విన్నారు. ఫలితం తెలిసినవాడికి ఉత్కంఠ ఏమిటని అనుకోవచ్చు. ఏమవుతుందన్న ప్రశ్న తీరిపోయినా, ఎలా అయింది, ఎక్కడ ఆపగలిగేవాళ్లు, ఎవరి మంకుపట్టు దీన్ని ఇంతదాకా తెచ్చింది అన్న ప్రశ్నలు బతికే ఉంటాయి. రాయబారం ఒక్కొక్కటి విఫలమవుతుంటే ఆ ప్రశ్నలు బిగుసుకుంటాయి. నిదానం అక్కడ బరువును పెంచుతుంది. కథకుడు అదే నిదానంతో కోట గోడల కొలతలు చెబుతూ కూర్చుంటే జనం చాపలు చుట్టుకుని లేచిపోయేవాళ్లు.

రాతలో కూడా ఈ ప్రాంతం నుంచే రెండు సాక్ష్యాలు తీసుకోవచ్చు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909 నాటి రెండో కూర్పులో ఏడంకాలుగా పెరిగింది. ఉన్నదున్నట్టు ఆడితే ఒక పూటలో తేలే నాటకం కాదు కనుక సమాజాలవాళ్లు కత్తిరించుకునే ఆడుతూ వచ్చారు. జరిగే పనుల కన్నా మాట్లాడే మాటలు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా దాన్ని నత్తనడక నాటకం అన్నవాళ్లు అరుదు. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మేస్తారా, ఈ పెళ్లి తప్పుతుందా అన్న ప్రశ్న మొదట్లోనే పడింది. ఆ తర్వాత గిరీశం ఎన్ని కబుర్లు చెప్పినా, మధురవాణి ఎందరిని ఆడించినా, ఆ ప్రశ్న నీడ వాళ్ల మీద ఉంటూనే ఉంటుంది. రెండో సాక్ష్యం శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించిన కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’. కథ అన్న పేరే గానీ నిడివిలో చిన్న నవలంత. అందులో ఎక్కువ భాగం ఒక ఊరి పంచాయితీ. అప్పల్రాముడి బాకీ గురించి పెద్దలు చెప్పే న్యాయం, గతం తవ్వుకోవడం, ఊరు ఎలా బాగుపడిందో ఎవరు ఎలా చితికిపోయారో లెక్కలు. రచయిత ఏమాత్రం తొందరపడడు. కానీ ఆ బాకీ లెక్క ఒక్కో మెట్టు ఎక్కుతున్నకొద్దీ పాఠకుడికి ఊపిరి బిగుస్తుంది. చివర్లో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన ఘోరం అర్థం కావాలంటే అంతకు ముందున్న నిదానమంతా కావాలి. అందులో ఏ పంచాయితీ మాట తీసేసినా ముగింపు బలహీనపడుతుంది. నిదానానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు: ఆ పేజీలు తీసేస్తే చివరి పేజీ బరువు తగ్గుతుందా లేదా?

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక గట్టి అభ్యంతరం తెస్తారు. వింటే భారతమే వినాలని చెప్పుకునే మనం, ఆ భారతం నిండా దారి తప్పించే ఉపాఖ్యానాలే ఉన్నాయని మరచిపోతున్నామా? పాండవులు అడవిలో ఉంటే మధ్యలో నలుడి కథ ఎందుకు, సావిత్రి కథ ఎందుకు? యుద్ధం ముగిశాక అంపశయ్య మీద భీష్ముడి ఉపదేశం రెండు పర్వాల మేర ఎందుకు? మంచి ప్రశ్నే. కానీ ఆ ఉపాఖ్యానాలు ఎలా మొదలవుతాయో చూడండి. జూదంలో సర్వం పోగొట్టుకున్న ధర్మరాజు, నాకన్నా దురదృష్టవంతుడు ఎవడైనా ఉన్నాడా అని అడుగుతాడు. దానికి బృహదశ్వుడు చెప్పే జవాబు నలుడి కథ. నలుడూ జూదరే, నలుడూ అడవులు పట్టినవాడే. ద్రౌపది వంటి పతివ్రత ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే మార్కండేయుడు సావిత్రి కథ చెబుతాడు. అంటే మూలకథలోని మనిషి బాధతో వేసిన ప్రశ్నకు పక్కకథ జవాబవుతోంది. భీష్ముడి ఉపదేశమూ అంతే. గెలిచిన రాజ్యం నెత్తుటి కూడులా అనిపించి, నాకీ రాజ్యం వద్దని కుమిలిపోతున్నవాడికి చెప్పిన మాటలవి. వాటిని చదవడం అందరికీ సులువని నేను అనను. రెండు పర్వాల ఉపదేశం దగ్గర అలసిపోయే పాఠకులు ఎప్పుడూ ఉన్నారు. కానీ కౌరవ పాండవుల పోరు తేలేదాకా వ్యాసుడు దాన్ని దాచి ఉంచాడు. అభిమన్యుడు పద్మవ్యూహంలో ఉండగా రాజధర్మం మొదలుపెట్టలేదు. ఎంత చెప్పాడన్నదానితో పాటు ఎప్పుడు చెప్పాడన్నది కూడా చూడాలి.

తెలుగులో ఫాంటసీ మాల అనదగ్గ మొదటి పెద్ద పుస్తకం ఏదంటే మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ అని చెప్పాలి. పన్నెండు సంపుటాలు. రాజకుమారులు, మాయలు, శాపాలు, కథలో కథ, దానిలో ఇంకో కథ. నేటి పాశ్చాత్య నవలామాలల కన్నా దీని మలుపులు తక్కువేమీ కావు. దీనికి దీక్షితులు గారు పెట్టిన చట్రం చాలా తెలివైనది. మణిసిద్ధుడు కాలినడకన కాశీకి బయలుదేరి, తోడుగా పశువులు కాసే కుర్రవాణ్ణి తీసుకెళ్తాడు. కుర్రవాడు ఊరికే రాడు. దారిలో తాను చూసిన వింత గురించి అడిగితే మజిలీలో దాని కథ చెప్పాలని షరతు. కథ విసుగు పుట్టిస్తే కాశీ ప్రయాణమే ఆగిపోతుంది. అంటే వినేవాడి ఓపికనే రచయిత కథకు ఇరుసుగా చేసుకున్నాడు. ప్రయాణం ఎంతో పొడవు, కానీ మజిలీకి ఒక వంతు కథ పూర్తవుతుంది. ఒక ప్రశ్న తీరుతుంది, ఇంకో ప్రశ్న పుడుతుంది. కాశీ ఇంకా దూరంగానే ఉన్నా కుర్రవాడు ఇవాళ్టికి వట్టి చేతులతో పడుకోడు. జోర్డాన్ పదో సంపుటం చదివినవాళ్ల బాధంతా ఈ వట్టి చేతుల బాధే.

వేదిక మీద కథ చెప్పేవాళ్లకు ఈ క్రమశిక్షణ వద్దన్నా తప్పేది కాదు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టి, 1919లో విజయనగరం సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథను ఎక్కడికో తీసుకెళ్లారు. ధ్రువుడు, అంబరీషుడు, గజేంద్రుడు, రుక్మిణి, ప్రతి కథా ఒక పూట ఎత్తుకుంటే ఆ పూటకే ముగిసే కథ. నడుమ ఎన్ని కీర్తనలు, ఎన్ని పిట్టకథలు, ఎంత శాస్త్రచర్చ, లయ మీద ఎంత విద్వత్తు! అవన్నీ తీసేసి సంఘటనలు మాత్రం చెబితే ధ్రువుడి కథ పది నిమిషాల్లో అయిపోతుంది. హరికథ వినడానికి వచ్చినవాళ్లకు ఆ పది నిమిషాలు అక్కర్లేదు, ఆ పూటంతా కావాలి. కానీ దాసుగారికి ఎదురుగా జనం కనిపిస్తున్నారు. ఎక్కడ తలలు వాలుతున్నాయో, ఎక్కడ పిల్లలు లేస్తున్నారో చూసి పిట్టకథ ఎత్తుకోవడం, దించడం హరిదాసులందరి విద్య. బుర్రకథలో ఈ విద్యకు మనిషినే పెట్టారు. పక్కనుండే హాస్యగాడు జనం అడగాలనుకున్న ప్రశ్న తానే అడుగుతాడు, ప్రధాన కథకుడు మరీ పైకి వెళ్తే కిందికి దించుతాడు. ఈ జిల్లాల్లో పాడుకునే జముకుల కథలోనూ కథకుడికి వంతపాట తోడుండాల్సిందే. నిడివి ఎంతైనా, వినేవాడు కథలోనే ఒక పాత్రగా ఉన్నాడు.

అచ్చులోకి వచ్చాక రచయితకు ఎదుట జనం లేరు. అయినా ఆ క్రమశిక్షణ పోనవసరం లేదని చందమామ పత్రిక చూపించింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ అందులో 1954లో మొదలైంది. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం లండన్‌లో వెలువడింది కూడా ఆ ఏడే. ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా రెండు చోట్లా మాంత్రికుల లోకాలు తెరుచుకున్నాయి. ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, ఇలా దాసరి వారి ధారావాహికలు డెబ్బైల దాకా నడిచాయి. నెలకు కొద్ది పేజీలే. మొదట జరిగిన కథ గుర్తుచేసే నాలుగు వాక్యాలు, తర్వాత ఒక గండం, దాని నుంచి బయటపడడం, చివర మరో గండం. పిల్లల కోసం రాసిన కథలు కదా, పెద్దల ఇతిహాసాలతో పోలికేమిటి అని అడగవచ్చు. లోతు విషయంలో పోలిక లేదు, నిజమే. ఆ కథల్లో వీరులైన ఖడ్గవర్మ, జీవదత్తుల మనసుల్లో ఏ సంఘర్షణ ఉందో మనకు పెద్దగా తెలియదు. నేను పోల్చేది ఒక్క విషయంలోనే. ఒక నెలపాటు కాచుకున్న పాఠకుడికి ఈ విడతలో ఏదో ఒకటి తేలాలన్న బాధ్యతను ఆ రచయిత ఏళ్ల తరబడి మోశాడు. నెల ఎదురుచూసినవాడి పట్ల ఉన్న ఈ పట్టింపు, పదకొండేళ్లు ఎదురుచూసినవాడి పట్ల ఇంకెంత ఉండాలి?

రచయిత పాఠకుడికి బాకీ ఏమీ లేడు, కళాకారుడు కొనుగోలుదారు చెప్పినట్టు ఆడడు అన్నది మరో వాదన. ఇందులో నిజం ఉంది. ఎవరు బతకాలి, ఎవరు చావాలి, ఎవరిని ఎవరు పెళ్లాడాలి అని పాఠకులు ఆజ్ఞలు వేయడం మొదలైతే సాహిత్యం మిగలదు. కానీ విసిగిన పాఠకుడు అడుగుతున్నది అది కాదు. నువ్వు రేపిన ప్రశ్ననే నువ్వు మోయమంటున్నాడు. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జూలై 10న తెర మీద పడితే, జవాబు 2017 ఏప్రిల్ 28న గానీ రాలేదు. తెలుగు జనం దాదాపు రెండేళ్లు నవ్వుకుంటూనే ఎదురుచూశారు. రెండో భాగం ఆ ప్రశ్నను పక్కన పెట్టి మాహిష్మతి సామంతుల కప్పాల గొడవలతో నిండి ఉంటే అదే జనం ఊరుకునేవాళ్లా? కల్పిత లోకాన్ని నమ్మించాలంటే దాని భూగోళం, చరిత్ర, ఆచారాలు విస్తారంగా చెప్పక తప్పదనే వాదన కూడా ఉంది. చెప్పాల్సిందే. ‘కన్యాశుల్కం’లో రామప్పంతులు దొంగపత్రాల మాటల్లో ఆనాటి కోర్టుల తీరు తెలిసింది, అప్పల్రాముడి బాకీలో ఒక ఊరి ఆర్థిక చరిత్ర తెలిసింది. లోకం తెలియడానికి కథ ఆగనక్కర్లేదు. ఎవరిదో ఏదో పణంగా ఉన్నప్పుడు చెప్పిన ఆచారం మనసులో నిలుస్తుంది, ఊరికే చెప్పినది జాబితాగా మిగిలిపోతుంది. అసలు చిక్కు వేరేచోట ఉంది. సంపుటం సంపుటానికీ అమ్మకాలున్నప్పుడు ముగించమని రచయితను తొందరపెట్టేవాడు ప్రచురణ వైపు ఎవడూ ఉండడు. పాత్రలను పెంచడం సులువు, పోగుపడ్డ పాత్రలను ఒక చోటికి చేర్చడం కష్టం. మధ్య సంపుటాల్లో కథ బరువెక్కి చతికిలబడడానికి చాలావరకు ఇదే కారణం.

పాఠకుడి వైపు తప్పే లేదని నేను అనను. ప్రతి అధ్యాయంలో కత్తి దూయాలని, ప్రతి పది పేజీలకూ ఒక రహస్యం బయటపడాలని కోరేవాడు పుస్తకాన్ని టీవీ సీరియల్ ప్రకటనగా చూస్తున్నాడు. టోల్కీన్ నవలలో ఎల్రాండ్ సభ అధ్యాయం పొడుగునా మాటలే. అక్కడ విసుగొచ్చి దాటేసిన పాఠకుడికి, కథకు కేంద్రమైన ఉంగరాన్ని ఎవరూ వాడుకోకూడదని, నాశనమే చేయాలని ఎందుకు తేల్చారో తెలియదు. ఇక తర్వాతి ప్రయాణమంతా అతనికి వట్టి నడకే. రాత్రంతా రామాయణం విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడి లెక్క అది. అందుకని పుస్తకం మూసేముందు పాఠకుడు రెండు సంగతులు చూసుకుంటే బాగుంటుంది. ఇప్పుడు నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఏది? ఈ యాభై పేజీల్లో ఆ ప్రశ్న ఇంకొంచెం బిగిసిందా, వదులైందా, లేక ఉన్నచోటే ఉందా? బిగిసినా వదులైనా కథ నడుస్తున్నట్టే, గుర్రాలు పరుగెత్తకపోయినా సరే. ఉన్నచోటే ఉంటే మాత్రం అతని విసుగు న్యాయమైనదే, దానికి సిగ్గుపడనక్కర్లేదు.

తెలుగులో ఇప్పుడు పెద్ద ఫాంటసీలు రాయాలన్న ఉత్సాహం మళ్లీ కనిపిస్తోంది. ఫోన్లలో విడతలు విడతలుగా రాసేవాళ్లు ఎందరో. వాళ్లకు పాశ్చాత్య నవలామాలల నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది: లోకాన్ని నిర్మించే శ్రద్ధ, మంచివాడికీ చెడ్డవాడికీ సమానంగా మనసునిచ్చే నేర్పు. కానీ నిడివిని ఎలా మోయాలన్న పాఠం కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. అది మణిసిద్ధుడి మజిలీల్లో ఉంది, నారాయణదాసు గారి హరికథల్లో ఉంది, ‘యజ్ఞం’లోని పంచాయితీలో ఉంది. ఎంత పెద్దదైనా రాయండి, ఎంత నిదానంగానైనా చెప్పండి. ఈ విడత చదివి పక్కన పెట్టినవాడికి నిన్న తెలియనిది ఇవాళ ఏం తెలిసిందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఆ విడత ఉంచండి, చెప్పలేకపోతే తీసేయండి. అలా తీసేశాక మిగిలేది పన్నెండు సంపుటాలైనా పాఠకుడు పన్నెండూ చదువుతాడు.